పళ్ళు పులియకుండా సి విటమిన్ మాత్ర వేసుకోవడం ఎలా?

“అన్నా, ఒక షీట్ ఆరెంజ్ మాత్రలు ఇయ్యి.” తిరుపతిలో మా మందుల షాపులో రోజూ వినపడే మాట ఇది. ఆరెంజ్ మాత్రంటే నారింజ రుచి ఉండే సి విటమిన్ మాత్ర. చీటీ ఉండదు, జ్వరమూ ఉండదు. షీట్ చేతికి రాగానే ఒక మాత్ర నొక్కి తీసి నోట్లో వేసుకుంటారు. చిల్లర తీసుకునేలోపే చప్పరించడం మొదలు. 2020, 2021 కరోనా రోజుల్లో జింకు మాత్రతో పాటు ఇంటింటికీ చేరిన అలవాటు. జింకును అందరూ మరిచిపోయారు, ఇది మాత్రం నిలిచిపోయింది. ఎందుకంటే మా అరల్లో ఉన్న మాత్రలన్నిట్లో రుచిగా ఉండేది ఇదొక్కటే.

నేనూ అందులో తోడుదొంగనే. బేరం లేనప్పుడు ఒకటి, మధ్యాహ్నం నిద్ర ఆపుకోవడానికి ఒకటి, షట్టర్ దించేటప్పుడు ఒకటి. అదీ కొరికి మింగడం కాదు, బుగ్గలో పెట్టుకుని పావుగంట నానబెట్టడం. రెండేళ్ళు అలా గడిచాక ఒకరోజు కుండలో నీళ్ళు తాగితే ముందు పళ్ళు జివ్వుమన్నాయి. ఫ్రిజ్ నీళ్ళు కూడా కాదు, కుండ నీళ్ళు! పళ్ళ డాక్టరమ్మ చూసి, “పుచ్చు కాదండీ, అరుగుదల. నిమ్మకాయలు కొరికే అలవాటుందా?” అని అడిగింది. లేదన్నాను. ఇంటికి వచ్చేదాకా జేబులో ఉన్న షీట్ గుర్తుకు రాలేదు. రోజంతా జనానికి మందులు ఎలా వేసుకోవాలో చెప్పేవాణ్ణి, నా నోటి సంగతి నాకే తెలియలేదు.

ఆ తర్వాత నేర్చుకున్నదీ, షాపులో వచ్చిన వాళ్ళకి చెబుతున్నదీ ఇక్కడ వరసగా రాస్తున్నాను. సి విటమిన్ మానెయ్యమని కాదు. అది కడుపులోకి పోవాల్సిన వస్తువు, పంటి మీద నానాల్సింది కాదు. ఈ తేడా పట్టుకుంటే మిగతాదంతా సులువు.

ముందు, పంటికి ఏమవుతుందో తెలుసుకోండి

మన వైపు వంటింటి గట్టుకు వేసే నల్ల కడప రాయి మీద నిమ్మచెక్క పిండి అక్కడే వదిలేస్తే తెల్లారేసరికి మసక మచ్చ పడుతుంది. ఎంత తుడిచినా పోదు. అది మరకైతే కదా పోవడానికి, అక్కడ రాయే కరిగింది. కడప రాయి సున్నపురాయి జాతి. పంటి మీది పింగాణి, అంటే ఎనామిల్, వేరే పదార్థం. కాల్షియం, ఫాస్ఫేటు కలిసిన గట్టి ఖనిజం. బరువులో 96 శాతం దాకా ఖనిజమే, మన ఒంట్లో అంతకంటే గట్టిది ఇంకోటి లేదు. అయినా పులుపు ముందు రెంటి కథా ఒకటే, కాల్షియం ఊడి వచ్చేస్తుంది.

పులుపును పీహెచ్ అంకెతో కొలుస్తారు. 7 అయితే మంచినీళ్ళలాంటిది. అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ, ఒక్క అంకె తగ్గితే పది రెట్లు. సుమారు 5.5 దిగువకు వస్తే పింగాణి కరగడం మొదలవుతుంది. నిమ్మరసం 2, 2.5 దగ్గర ఉంటుంది. ఉత్త ఆస్కార్బిక్ యాసిడ్ మాత్రను కొద్ది నీళ్ళలో కరిగిస్తే 2, 3 మధ్య వస్తుంది. అంటే బుగ్గలో మాత్ర పెట్టుకోవడం, నిమ్మచెక్క పెట్టుకోవడం దాదాపు ఒకటే. మాత్రలో తీపి కలిపి ఉంటుంది కాబట్టి నాలుక మోసపోతుంది. పన్ను మోసపోదు.

పచ్చి మామిడికాయ ఉప్పూ కారం అద్దుకుని రెండు మూడు ముక్కలు ఎక్కువ తింటే మనం “పళ్ళు పులిశాయి” అంటాం కదా. ఆ పూట అన్నం నమలడం కూడా కష్టమవుతుంది. పింగాణి పైపొర మెత్తబడిందని పన్ను చెప్పే మాట అది. మన పెద్దవాళ్ళు ఏ పీహెచ్ మీటరూ లేకుండానే కనిపెట్టారు. కాసేపటికి లాలాజలం ఆ పులుపును విరగ్గొట్టి, తనలోని కాల్షియం, ఫాస్ఫేటు మళ్ళీ అందిస్తే పైపొర కొంత కుదుటపడుతుంది. దీనికి అరగంట నుంచి గంట పట్టొచ్చు. కానీ అరిగి రాలిపోయిన పింగాణి తిరిగి పెరగదు. గోరు పెరుగుతుంది, వెంట్రుక పెరుగుతుంది, ఎముక అతుక్కుంటుంది. పింగాణిలో ప్రాణమున్న కణాలు లేవు, అందుకే అది పోతే పోయినట్టే.

ఇది కొత్త సంగతి కాదు. నమిలే సి విటమిన్ మాత్రలతో పళ్ళు అరిగిన కేసు అమెరికా దంతవైద్య పత్రికలో 1983లోనే వచ్చింది. మాకు మాత్రం ఎవరూ చెప్పలేదు, మేమూ కొనేవాళ్ళకి చెప్పలేదు.

మొదటి పని: షీట్ వెనక్కి తిప్పి చదవండి

ముందువైపు నారింజ పండు బొమ్మ ఉంటుంది, దాన్ని వదిలెయ్యండి. వెనక చిన్న అక్షరాల్లో ఏముందో చూడండి. ఆస్కార్బిక్ యాసిడ్ అని ఒక్కటే ఉంటే అది పూర్తి పులుపు. సోడియం ఆస్కార్బేట్ అనో, కాల్షియం ఆస్కార్బేట్ అనో ఉంటే అదీ సి విటమినే, కానీ పులుపు విరిగిన రూపం. పంటికి దాంతో భయం చాలా తక్కువ. నమిలే మాత్రలు కొన్నిట్లో రెండూ కలిపి ఉంటాయి. అలాంటి చోట ఆస్కార్బేట్ పాలు ఎక్కువగా ఉన్నది ఎంచుకోండి. సిట్రిక్ యాసిడ్ అనే మాట కూడా వెతకండి. అది పుల్లటి రుచి కోసం వేసే నిమ్మ ఉప్పు. కాల్షియాన్ని పట్టుకుని లాక్కుపోయే గుణం దానికి ఇంకాస్త ఎక్కువ.

అక్షరాలు కనపడకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. అర గ్లాసు నీళ్ళలో మాత్రను నలిపి కరిగించి చిటికెడు వంట సోడా వెయ్యండి. బుసబుసమని పొంగితే పులుపు బాగా ఉన్నట్టు, ఏదో నాలుగు బుడగలతో సరిపెడితే తక్కువ ఉన్నట్టు. నీళ్ళలో వేస్తే తనంతట తానే పొంగే మాత్రలకి ఈ పరీక్ష పనికిరాదు. వాటిలో సోడా ముందే కలిపి ఉంటుంది.

రకాన్ని బట్టి ప్రమాదం మారుతుంది. నీళ్ళతో మింగే మామూలు మాత్ర పంటికి తగిలేదే లేదు, అదే మేలు. నమిలే మాత్ర, చప్పరించే మాత్ర మధ్యస్థం. అది ఎంతసేపు నోట్లో ఉందన్నదే లెక్క. పిల్లలకి కొనే జెల్లీ మిఠాయిల్లాంటి గమ్మీలు నాకు అన్నిటికంటే నచ్చనివి. పులుపుకు పులుపు, చాలావాటిలో చక్కెర కూడా, పైగా దవడ పళ్ళ గుంతల్లో అతుక్కుని ఉండిపోతాయి. పులుపు చేసే అరుగుదలకు తోడు చక్కెర చేసే పుచ్చు కూడా వచ్చి చేరుతుంది. ఇక పొంగే మాత్ర గ్లాసులో కరిగించి గడగడా తాగేస్తే ఫరవాలేదు. సీసాలో కలుపుకుని ఆఫీసులో పొద్దున్నించి సాయంత్రం దాకా గుక్క గుక్కగా తాగేవాళ్ళున్నారు. వాళ్ళ పళ్ళు రోజంతా పులుపులో నానుతున్నట్టే. బీపీ ఉన్నవాళ్ళకి ఇంకో మాట: పొంగే మాత్రల్లో సోడియం ఉంటుంది, రోజూ వాడే ముందు డాక్టరుని అడగండి.

అసలు మీకు మాత్ర కావాలా?

మందులు అమ్మేవాడు ఇలా అడగడం వింతగానే ఉంటుంది. మన దేశపు పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం రోజుకు మగవాళ్ళకి 80 మిల్లీగ్రాములు, ఆడవాళ్ళకి 65 చాలు. గర్భిణులకీ, పాలిచ్చే తల్లులకీ కొంచెం ఎక్కువ. షీట్‌లో ఒక్క మాత్ర 500. ఒంటికి ఒక పద్ధతుంది, కొంచెం ఇస్తే దాదాపు అంతా తీసుకుంటుంది, ఒకేసారి వెయ్యి మిల్లీగ్రాములు దాటితే సగం కూడా పీల్చుకోదు. మిగిలింది బయటికే. రోజుకు 2000 మిల్లీగ్రాములు మించితే విరేచనాలు పట్టుకోవచ్చు. కిడ్నీలో రాళ్ళు వచ్చే తత్వం ఉన్నవాళ్ళు అంతదాకా పోనేకూడదు.

వంద గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాములకు అటూ ఇటూగా సి విటమిన్ ఉంటుంది. రోడ్డు పక్క బండి మీద కొన్న ఒక మోస్తరు కాయ తింటే ఆ రోజుకీ మరుసటి రోజుకీ లెక్క తీరినట్టే. నమిలేకొద్దీ లాలాజలం ఊరుతుంది కాబట్టి పంటికీ మంచిదే. ఉసిరికాయలో ఇంకా ఎక్కువ, కానీ అదీ పులుపే. ఉసిరి ముక్క బుగ్గలో పెట్టుకుని తిరిగితే మాత్రకూ దానికీ తేడా లేదు.

చిగుళ్ళలో రక్తం వస్తోందని ఆరెంజ్ మాత్రలు కొనేవాళ్ళు మాకు చాలామంది. సి విటమిన్ బొత్తిగా లేకపోతే స్కర్వీ వచ్చి చిగుళ్ళు ఉబ్బి రక్తం కారే మాట నిజమే. ఆస్కార్బిక్ అన్న పేరే స్కర్వీని లేకుండా చేసేది అని. కానీ కూరా, పచ్చడీ, పండూ తినే మనిషికి చిగుళ్ళలో రక్తం వస్తే చాలాసార్లు కారణం పళ్ళ మొదట్లో పేరుకున్న గార. గారను మాత్ర కరిగించదు, క్లీనింగ్ చేయించుకోవాల్సిందే. ఒకాయన మాత్రను పొడి చేసి చిగురు మీద అద్దుకుంటున్నానని చెబితే నాకు చెమట పట్టింది. ఆ పని ఎవరూ చెయ్యకండి. చిగురు కాలినట్టు పుండవుతుంది, ఆ పక్క పన్ను మెడ దగ్గర అరుగుతుంది.

వేసుకునేటప్పుడు

డాక్టరు రాశారు, వేసుకోవాల్సిందే. అప్పుడు షాపులో “నమిలేది వద్దు, మింగేది ఇవ్వండి” అని అడగండి. ఉంటుంది, అడిగేవాళ్ళు తక్కువ కాబట్టి ముందు వరసలో పెట్టరు. నమిలే మాత్ర పెద్దదిగా ఉంటుంది, దాన్నే గుటుక్కున మింగడానికి చూడకండి, గొంతులో అడ్డం పడుతుంది.

నమిలేది తప్ప దొరకలేదనుకోండి. భోజనం చివర్లో వేసుకోండి. అప్పటికే నోట్లో లాలాజలం బాగా ఊరి ఉంటుంది, పులుపును అదే విరగ్గొడుతుంది. గబగబా దవడ పళ్ళతో నమిలి మింగెయ్యండి, అర నిమిషంలో పని అయిపోవాలి. ముందు పళ్ళతో సగం సగం కొరుక్కుంటూ కూర్చోవద్దు. బుగ్గలో దాచడం, నాలుక కింద పెట్టుకోవడం అసలే వద్దు. రోజుకు రెండు రాశారా, రెండూ రెండు భోజనాలతో వెయ్యండి. అదే రెండు మాత్రలు నాలుగు ముక్కలు చేసి నాలుగుసార్లు చప్పరిస్తే పళ్ళకి నాలుగు దెబ్బలు.

పడుకునే ముందు వేసుకోకండి. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. ఆ టైంలో నోట్లో మిగిలిన పులుపును కడిగే దిక్కు ఉండదు. నేను షట్టర్ దించి వేసుకున్న మూడో మాత్రే నా కొంప ఎక్కువ ముంచిందని ఇప్పుడు నా అనుమానం.

కొండ నడకలో కూడా ఇదే. అలిపిరి దారిలో 3,550 మెట్లు, గాలిగోపురం చేరేదాకా ఊపిరి ఆడదు. నోరు తెరిచి ఊపిరి తీసుకుంటూ, చెమట కారుస్తూ ఎక్కుతాం, నోరు ఎండిపోతుంది. సరిగ్గా అప్పుడే జేబులోంచి ఆరెంజ్ మాత్ర తీసి చప్పరిస్తారు, లేకపోతే మెట్ల పక్కన నిమ్మ సోడా. ఎండిన నోట్లో పులుపుకు అడ్డే ఉండదు. శక్తి కోసమని అంటారు కానీ సి విటమిన్ అప్పటికప్పుడు కాళ్ళకి బలం ఇవ్వదు. నీళ్ళు తాగండి. గోవిందా అనడానికి నోరు తడిగా ఉంటే చాలు. నిమ్మ సోడా తాగాలనిపిస్తే స్ట్రా అడిగి ఒక్క దఫాలో తాగేసి, పైన రెండు గుక్కలు మంచినీళ్ళు పుక్కిలించండి.

వేసుకున్న తర్వాత

ఇక్కడే శుభ్రమైన మనుషులు తప్పు చేస్తారు. నోరు పుల్లగా ఉందని వెంటనే బ్రష్ అందుకుంటారు. మెత్తబడ్డ పింగాణి మీద బ్రష్ పెడితే గీకి తీసేసినట్టే. తడి ఆరని సున్నం గోడను చీపురుతో రుద్దితే ఎలా ఉంటుందో అలా. కనీసం అరగంట, వీలైతే గంట ఆగండి. తోముకోవాలనుకుంటే మాత్రకు ముందే తోముకోండి.

వెంటనే చెయ్యాల్సింది మంచినీళ్ళు రెండు మూడుసార్లు పుక్కిలించి ఉమ్మడం. పళ్ళు బాగా జివ్వుమనేవాళ్ళు గ్లాసు నీళ్ళలో అర చెంచా వంట సోడా కలిపి పుక్కిలించొచ్చు. అది పులుపును అక్కడికక్కడే విరుస్తుంది. ఉమ్మెయ్యాలి, మింగకూడదు, బీపీ వాళ్ళయితే మరీ. తర్వాత ఒక ముద్ద పెరుగన్నం తింటే ఇంకా మంచిది. పెరుగూ పులుపే కదా అంటారేమో. పులుపే, కానీ అందులో కాల్షియం, ఫాస్ఫేటు నిండుగా ఉంటాయి కాబట్టి పంటి దగ్గర ఉన్నదాన్ని లాక్కోదు. చక్కెర లేని చూయింగ్ గమ్ నమిలినా లాలాజలం ఊరుతుంది.

పేస్టు విషయానికొస్తే ఫ్లోరైడ్ ఉన్నది కావాలి. మన దగ్గర పెద్దవాళ్ళ పేస్టుల్లో 1000 పీపీఎం (పది లక్షల పాళ్ళలో వెయ్యి) దాకా ఉంటుంది, డబ్బా మీద రాసి ఉంటుంది. ఆకుల బొమ్మలున్న పేస్టులు చాలావాటిలో ఫ్లోరైడ్ ఉండదు, చదివి కొనండి. మెత్తటి బ్రష్. బొగ్గు పొడి, ఉప్పు, గరుకు పళ్ళపొడి, వీటిని అరుగుదల మొదలైన పళ్ళ దగ్గరికి రానివ్వకండి. రుద్దగానే తెల్లగా మెరుస్తాయి, చింతపండుతో తోమిన ఇత్తడి చెంబులా. తళతళ వచ్చిందంటే ఏదో ఒక పొర పోయిందనే.

కొంతమందికి ఇంకాస్త జాగ్రత్త

ఐరన్ మాత్రలు వాడే ఆడవాళ్ళకి నిమ్మరసంతో గానీ సి విటమిన్‌తో గానీ వేసుకోమని చెబుతారు. అది సరైన సలహా, ఐరన్ బాగా ఒంటబడుతుంది. మానొద్దు. నిమ్మ నీళ్ళు స్ట్రాతో తాగండి, లేదా మింగే మాత్ర వాడండి. ఐరన్‌తో పాటు పాలు, పెరుగు మాత్రం తీసుకోవద్దు, అవి ఐరన్‌ను అడ్డుకుంటాయి. కాబట్టి పైన చెప్పిన పెరుగన్నం చిట్కా ఆ పూటకి వర్తించదు, నీళ్ళు పుక్కిలించి సరిపెట్టుకోండి. వేవిళ్ళతో వాంతులయ్యేవాళ్ళకి కడుపులోని ఆమ్లమే పళ్ళని తింటుంది. వాంతి అయిన వెంటనే నమిలే మాత్ర వెయ్యకండి, బ్రష్ చెయ్యకండి.

పుల్లటి తేన్పులు, గుండెలో మంట ఉన్నవాళ్ళదీ ఇదే పరిస్థితి. షుగరు ఉన్నవాళ్ళకీ, కొన్ని బీపీ మందులు, జలుబు మందులు, మనసుకు సంబంధించిన మందులు వాడేవాళ్ళకీ నోరు ఎండుతుంది. వీళ్ళెవరూ చప్పరించే మాత్ర జోలికి పోకపోవడమే మంచిది.

పిల్లలు. పాల పళ్ళ పింగాణి పల్చన, తొందరగా కరుగుతుంది. మాత్రను చాక్లెట్టని చెప్పి పెట్టారంటే రేపు పిల్లాడే షీట్ వెతుక్కుని ఐదు తినేస్తాడు. మా షాపుకి ఒకమ్మాయి వాళ్ళ అవ్వ కోసం మందులు కొనడానికి వచ్చి మిగిలిన చిల్లరకి “ఆరెంజ్ బిళ్ళలు” అడిగింది. ఇవ్వలేదు. అలిగి పోయింది. మరుసటి రోజు వాళ్ళ అవ్వ వచ్చి నన్ను తిట్టింది కూడా, “రెండు రూపాయల మాత్రకి పిల్లని ఏడిపిస్తావా” అని.

ఎప్పుడు చూపించుకోవాలి?

అద్దం ముందు వెలుతురులో నిలబడి చూసుకోండి. ముందు పళ్ళ అంచులు గాజులా, వెనక ఉన్నది కనపడేలా పల్చబడ్డాయా? పళ్ళు మునుపటికంటే పసుపు పచ్చగా ఉన్నాయా? పింగాణి పల్చబడితే లోపలి పసుపు పొర బయటపడుతుంది. దాన్ని మరకనుకుని ఇంకా గట్టిగా తోమేవాళ్ళుంటారు. దవడ పళ్ళ మొనల మీద చిన్న చిన్న గుంటలు పడ్డాయా? పంటి గుంతలో నింపిన పాత సిమెంటు ఉంటే అది చుట్టూ ఉన్న పంటి కంటే ఎత్తుగా లేచినట్టు కనపడుతోందా? సిమెంటు అరగదు, పక్కన పన్ను అరుగుతుంది, అందుకే అలా. చల్లటిది, తియ్యటిది తగిలితే జివ్వుమంటోందా? వీటిలో ఒక్కటి ఉన్నా నెలల తరబడి సెన్సిటివ్ పేస్టుతో నెట్టుకురాకండి. ఆ పేస్టు జివ్వుమనడాన్ని అణుస్తుంది, అరుగుదలకి కారణాన్ని ఆపదు.

డాక్టరు దగ్గర ఫ్లోరైడ్ పూత వెయ్యొచ్చు, బాగా అరిగిన చోట పంటి రంగు సిమెంటుతో కప్పొచ్చు. నాకు రెండు పళ్ళకి కప్పారు. కుండ నీళ్ళు ఇప్పుడు హాయిగా తాగుతున్నాను, ఫ్రిజ్ నీళ్ళకి మాత్రం ఇంకా ఆలోచిస్తాను.

వెళ్ళేటప్పుడు మీరు వాడే మాత్రల షీట్ జేబులో పెట్టుకుని వెళ్ళండి. రోజుకు ఎన్ని, ఎంతకాలంగా, నమిలా, చప్పరించా, పడుకునే ముందా అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. నాలా ఇంటికి వచ్చాక గుర్తుకు తెచ్చుకుంటే రెండోసారి ఫీజు కట్టాలి.